‘నన్ను నిద్రపుచ్చేయండి’: చివరి రోజుల్లో మనోవేదనకు మత్తు మందు ఇవ్వచ్చా?

గుడిలో దర్శనం అయ్యాక మన పెద్దవాళ్లు మండపంలో కాసేపు కూర్చుని చెప్పుకునే మాట ఒకటుంది: ‘అనాయాసేన మరణం, వినా దైన్యేన జీవనం’. మొదటి సగం శరీరం గురించి. నొప్పి, ఆయాసం లేకుండా పోవాలని కోరిక. రెండో సగం వేరు. ఒకరి ముందు దీనంగా పడి ఉండే బతుకు వద్దని. అదే కోరికను ఇంట్లో మామూలు మాటల్లో చెబుతారు: ‘కాలూ చెయ్యీ ఆడుతుండగానే పోవాలి. ఎవరిచేతా చేయించుకోకూడదు.’

మొదటి కోరిక విషయంలో వైద్యం చాలా దూరం వచ్చింది. రెండోదాని దగ్గర ఇప్పటికీ తడబడుతోంది.

ఒక ఇంటిని ఊహించుకోండి. పెద్దాయనకు క్యాన్సర్ ముదిరింది. మార్ఫిన్ పడుతోంది కాబట్టి నొప్పి పెద్దగా లేదు. ఊపిరి ఆడుతోంది. మనుషుల్ని గుర్తుపడుతున్నారు. కానీ తెల్లవారితే చాలు, ‘ఇంకెందుకు నాకీ బతుకు? మీ అందరికీ భారమైపోయాను. ఏదో ఒక ఇంజెక్షన్ ఇచ్చి నన్ను నిద్రపుచ్చేయండి’ అంటున్నారు. రోజూ అదే మాట. నిద్రపుచ్చే మందు డాక్టర్ దగ్గర ఉంది. ఇవ్వాలా, వద్దా?

ఈ ప్రశ్న మీద ప్రపంచంలోని పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బుల్లో బాధను తగ్గించే వైద్యం) నిపుణులు ముప్పై ఏళ్లుగా వాదించుకుంటున్నారు, ఇంకా ఒక మాట మీదికి రాలేదు. ఎందుకు రాలేదో తెలియాలంటే ముందు ఆ మత్తు ఏమిటో చూడాలి.

మత్తు అంటే ఎంత మత్తు?

జబ్బు నయం కాదని తేలి, మరణం దగ్గరపడిన మనిషికి ఏ చికిత్సకూ లొంగని బాధ ఉంటే, ఆ బాధ తెలియనంత మేరకు స్పృహను తగ్గించడాన్ని పాలియేటివ్ సెడేషన్ అంటారు. ఎక్కువగా వాడేది మిడజోలమ్. చర్మం కిందికి సన్నటి సూది పెట్టి, చిన్న పంపుతో కొంచెం కొంచెంగా ఎక్కిస్తారు. మనిషికి నెమ్మది చిక్కిందా లేదా అని చూసుకుంటూ మోతాదు పెంచుతారు, నెమ్మదించగానే అక్కడ ఆపుతారు. కొందరికి తేలికపాటి మత్తు సరిపోతుంది. పిలిస్తే కళ్లు తెరుస్తారు, ఒకటి రెండు మాటలు చెబుతారు. కొందరికి పిలిచినా పలకనంత గాఢ నిద్ర కావాలి. కొన్ని గంటలు ఇచ్చి మళ్లీ లేపే పద్ధతి ఒకటి, ప్రాణం పోయేదాకా కొనసాగించే పద్ధతి ఇంకొకటి. జనం మనసులో ఈ చివరిదే ఉంటుంది కాబట్టి, సెడేషన్ అనగానే ‘ఇక లేవరు’ అనుకుంటారు.

శరీర బాధలకు దీన్ని వాడటం మీద పెద్దగా గొడవ లేదు. చివరి రోజుల్లో సంధి ప్రేలాపనలతో మంచం మీంచి లేచిపోతూ, బట్టలు లాగేసుకుంటూ, ఇంట్లోవాళ్లను చూసి భయపడే మనిషి. ఆక్సిజన్ పెట్టినా, మార్ఫిన్ ఇచ్చినా ఊపిరి అందక గుడ్లు తేలేసే మనిషి. ఉన్నట్టుండి నెత్తురు కక్కుకునే మనిషి. వీళ్లకు మత్తు ఇవ్వకపోవడమే క్రూరత్వం.

ఇక్కడ రెండు అపోహలు తీసేయాలి. ఒకటి, మార్ఫిన్ మత్తు మందు అనుకోవడం. మార్ఫిన్ నొప్పికి, ఆయాసానికి మందు. మనిషిని నిద్రపుచ్చడం కోసం దాని మోతాదు పెంచుకుంటూ పోవడం తప్పు పద్ధతి. నిద్ర సరిగా రాదు, సంధి ఇంకా పెరుగుతుంది. రెండోది, సెడేషన్ అంటే కారుణ్య మరణమే అనుకోవడం. నెదర్లాండ్స్, బెల్జియం లాంటి దేశాల్లో చట్టం ఒప్పుకునే కారుణ్య మరణంలో ప్రాణం పోవడానికే మందు ఇస్తారు. సెడేషన్‌లో బాధ తెలియకుండా ఉండటానికి ఇస్తారు. మనిషి నెమ్మదించగానే మోతాదు ఆగిపోతుంది కాబట్టి ఉద్దేశంలో ఉన్న తేడా చేతల్లోనూ కనిపిస్తుంది. ఇటలీలో మార్కో మాల్టోని బృందం 2009లో ప్రచురించిన అధ్యయనంలో, మత్తు ఇచ్చినవాళ్లు మధ్యస్థంగా 12 రోజులు, ఇవ్వనివాళ్లు 9 రోజులు బతికారు. వైద్య అధ్యయనాలను కూడగట్టి పరిశీలించే కాక్రేన్ సంస్థ సమీక్ష 2015లో 14 అధ్యయనాలను కలిపి చూసింది. సెడేషన్ ఆయుష్షును తగ్గిస్తుందనడానికి ఆధారం దొరకలేదని చెప్పింది. ఆ అధ్యయనాల్లో ఒక్కటి కూడా లాటరీ పద్ధతిలో రోగుల్ని విడదీసి చేసినది కాదని కూడా చెప్పింది. అలాంటి అధ్యయనం చేయడం మానవత్వం అనిపించుకోదు కూడా.

మనసు దగ్గరికి వచ్చేసరికి

ఇప్పుడు మళ్లీ ఆ పెద్దాయన దగ్గరికి వద్దాం. ఆయన బాధను వైద్య పుస్తకాలు అస్తిత్వ వేదన అంటాయి. బతుకుకు అర్థం పోయిందన్న బాధ, భారమైపోయానన్న సిగ్గు, చావంటే భయం, ఒంటరితనం, తన మీద తనకు అదుపు పోయిందన్న కసి. ఇవన్నీ ఆ మాట కిందికే వస్తాయి.

శరీర బాధకు వాడే కొలతబద్దనే ఇక్కడా వాడబోతే మూడు చోట్ల చిక్కొస్తుంది.

ముందుగా ‘లొంగని బాధ’ అన్న మాట. 1994లో నేథన్ చెర్నీ, రస్సెల్ పోర్టెనోయ్ అనే వైద్యులు దీనికి నిర్వచనం ఇచ్చారు. ఉన్న చికిత్సలేవీ పనిచేయవనీ, పనిచేసినా భరించలేనన్ని దుష్ప్రభావాలు ఉంటాయనీ, లేదా సమయానికి పనిచేయవనీ తేలితేనే ఆ బాధను లొంగనిదిగా లెక్కించాలి. ఆయాసం విషయంలో ఇది తేల్చడం కొంత సులువు. ఏ మందు ఎంత ఇచ్చామో, ఫలితం ఏమిటో కాగితం మీద ఉంటుంది. ‘భారమైపోయాను’ అన్న బాధకు ఏ చికిత్స ఇచ్చాం? ఎవరు ఇచ్చారు? ఎన్నిసార్లు? చాలా ఆసుపత్రుల్లో ఆ కాగితం ఖాళీగా ఉంటుంది. అసలు ప్రయత్నమే జరగని చోట బాధ లొంగలేదనడం న్యాయం కాదు.

రెండోది, ఈ బాధ నిలకడగా ఉండదు. కెనడాకు చెందిన మానసిక వైద్యుడు హార్వీ చాచినోవ్ బృందం 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించింది. చివరి దశలో ఉన్న 168 మంది క్యాన్సర్ రోగుల్ని, బతకాలన్న కోరిక ఎంత ఉందని రోజుకు రెండుసార్లు అడిగారు. పన్నెండు గంటల్లోనే ఆ కోరిక బాగా పైకీ కిందికీ ఊగింది. దిగులు, ఆందోళన, ఆయాసం పెరిగితే బతకాలన్న కోరిక తగ్గేది. పొద్దున ‘చంపేయండి’ అన్న మనిషే సాయంత్రం మనవరాలి పరీక్షల గురించి అడగడం ఇళ్లలో అందరూ చూసినదే. పొద్దుటి మాట అబద్ధమని కాదు. కానీ ఆ ఒక్క మాట మీద ఆధారపడి తిరిగి లేవని నిద్రలోకి పంపకూడదు.

మూడోది అన్నిటికంటే తక్కువగా మాట్లాడుకునేది, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది. లొంగని ఆయాసం, సంధి సాధారణంగా ఆఖరి గంటల్లో, రోజుల్లో వస్తాయి. అప్పటికే మనిషి తినడం, తాగడం దాదాపు మానేసి ఉంటారు. మత్తు వల్ల ఆయుష్షు తగ్గదని చెప్పే అధ్యయనాలు ఎక్కువగా ఇలాంటివాళ్ల మీద చేసినవే. అస్తిత్వ వేదన అలా క్యాలెండర్ చూసుకుని రాదు. ఇంకా రెండు నెలలు బతికే మనిషికీ రావచ్చు. అలాంటి మనిషిని గాఢ నిద్రలో ఉంచి, తిండీ నీళ్లూ లేకుండా కొనసాగిస్తే, ఆ ప్రాణం జబ్బుతో పోదు; నీళ్లు లేక పోతుంది. అప్పుడు సెడేషన్‌కూ కారుణ్య మరణానికీ మధ్య గీత చెరిగిపోతుంది. అందుకే నెదర్లాండ్స్ వైద్య సంఘం మార్గదర్శకాలు, మరణం వారం రెండు వారాల్లో వస్తుందనుకుంటేనే నిరంతర గాఢ సెడేషన్ ఇవ్వాలని గీత గీశాయి. కారుణ్య మరణం చట్టబద్ధమైన దేశమే ఇంత జాగ్రత్తపడింది. ఫ్రాన్స్ 2016 ఫిబ్రవరిలో క్లేస్-లియోనెట్టి చట్టం తెచ్చి, మరణం దాకా గాఢమైన నిరంతర సెడేషన్‌ను రోగి హక్కుగా ఇచ్చింది. అక్కడ కూడా మరణం దగ్గరపడి ఉండాలి, బాధ చికిత్సకు లొంగనిదై ఉండాలి.

అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఇంకా గట్టిగా నిలబడింది. ప్రధానంగా అస్తిత్వ వేదనే అయితే దానికి సెడేషన్ తగిన జవాబు కాదని దాని నీతి నియమావళి చెబుతోంది. ఆ దేశంలోనే హాస్పిస్‌ల (చివరి దశ రోగులను చూసుకునే సంస్థల) జాతీయ సంఘం 2010లో తన వైఖరి ప్రకటిస్తూ, ఈ ఒక్క విషయంలో తమ నీతి కమిటీ సభ్యులు ఏకాభిప్రాయానికి రాలేకపోయారని రాసింది. అంత పెద్ద సంఘం ‘మాకు తేలలేదు’ అని కాగితం మీద ఒప్పుకోవడం నాకు గౌరవంగా అనిపిస్తుంది. యూరప్ పాలియేటివ్ కేర్ సంఘం 2009 మార్గదర్శకం మధ్యస్తంగా వెళ్లింది. అరుదుగా ఇవ్వచ్చు, కానీ షరతులున్నాయి. జబ్బు బాగా ముదిరి ఉండాలి. మనసు వైద్యంలో నైపుణ్యం ఉన్నవాళ్లు ఒకసారి కాదు, పలుసార్లు చూసి ఉండాలి. మతపరమైన ఆసరా ఇచ్చేవాళ్లతో సహా బృందమంతా కూర్చుని మాట్లాడాలి. ఆ తరువాత కూడా ముందు తాత్కాలిక నిద్రే. ఆరు నుంచి ఇరవై నాలుగు గంటలు, ఆపైన లేపడం.

ఒప్పుకోవాలనే వాళ్ల వాదన

ఇక్కడిదాకా చదివితే నేను వద్దనే పక్షమే అనిపించవచ్చు. అవతలి పక్షానికి బలమైన వాదన ఉంది, అది వినాలి.

శరీర బాధ, మనోవేదన అని రెండు గదులుగా విడగొట్టడమే తప్పంటారు వాళ్లు. లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచిన సిసిలీ సాండర్స్, నొప్పి అంటే శరీరం, మనసు, కుటుంబం, ఆత్మ అన్నీ కలిసిన నొప్పి అని చెప్పారు. ఈ వైద్య శాఖ పునాదే ఆ మాట మీద ఉంది. అమెరికన్ వైద్యుడు ఎరిక్ కాసెల్ 1982లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, బాధపడేది శరీరం కాదు, మనిషి అని వాదించారు. అలాంటప్పుడు ఎముకలో నొప్పి ఉంటే మత్తు ఇస్తాం, గుండెలో దిగులుంటే ఇవ్వం అనడం ఏ న్యాయం? దిగులు మాత్రం తక్కువ బాధా?

దీనికి తేలికైన జవాబు లేదు. మనసు బాధ తక్కువ బాధ అని ఎవరైనా అంటే, వాళ్లు అలాంటి మంచం పక్కన ఒక రాత్రి కూర్చోలేదని నేననుకుంటాను. తేడా బాధ పరిమాణంలో లేదు. ఆ బాధ ఎలా మారుతుంది, ఎంతకాలం ఉంటుంది, దానికి ఇంకేం చేయగలం అన్నదాంట్లో ఉంది. అందుకే ‘ఎప్పటికీ ఇవ్వకూడదు’ అన్న మాటను నేను ఒప్పుకోలేను. ‘అడిగారు కదా, ఇచ్చేద్దాం’ అన్నదాన్నీ ఒప్పుకోలేను.

అసలు ఎంతమందికి ఇస్తారు? జపాన్‌లో తత్సుయా మొరిటా 2004లో ప్రచురించిన సర్వే ప్రకారం, పాలియేటివ్ కేర్ విభాగాల్లో చనిపోయినవాళ్లలో నూటికి దాదాపు ఒక్కరికి మాత్రమే మనోవేదన కారణంగా నిరంతర గాఢ సెడేషన్ ఇచ్చారు. వాళ్లలో ఎక్కువగా కనిపించిన కారణం జీవితానికి అర్థం పోయిందన్న భావన. దాని తరువాత, తన పనులు తాను చేసుకోలేక ఇతరులకు భారమయ్యానన్న బాధ. జపాన్ రోగుల్లో కనిపించిన ఆ రెండో కారణం మన శ్లోకంలోని ‘దైన్యం’ కాక ఇంకేమిటి?

మన ఇళ్లలో ఆ వేదనకు ఉన్న పేర్లు

అస్తిత్వ వేదన పెద్ద మాట. మన ఇళ్లలో దానికి చిన్న చిన్న పేర్లున్నాయి. పెళ్లి కాని కూతురు. ఎవరికీ చెప్పని ప్రోనోటు. గట్టు తగాదాతో పదిహేనేళ్లుగా మాటల్లేని తమ్ముడు. డైపర్ మార్చే కోడలి ముఖం చూడలేకపోవడం. ‘సొంతింట్లో పోవాలి’ అనుకుంటే, పదో అంతస్తు ఫ్లాట్‌లో పడి ఉండటం. వీటిలో కొన్నింటికి నిజంగానే మందు ఉంది, అది సిరంజిలో ఉండదు. తమ్ముడికి ఫోన్ చేయడం, అప్పు ఎంతో రాసుకుని పెద్ద కొడుకు సంతకం పెట్టడం, డైపర్ మార్చడానికి ఒక అటెండర్‌ను పెట్టడం. చాచినోవ్ రూపొందించిన డిగ్నిటీ థెరపీ చేసేదీ ఇలాంటిదే. రోగి తన జీవితంలో ఏది ముఖ్యమో, పిల్లలకు ఏం చెప్పాలనుకుంటున్నారో మాట్లాడిస్తారు, రికార్డు చేస్తారు, కాగితం మీద పెట్టి కుటుంబానికి ఇస్తారు. దిగులు జబ్బుగా ముదిరి ఉంటే దానికి వైద్యం వేరుగా ఉంది. చివరి దశ కదా, దిగులు సహజమే అని వదిలేయకూడదు. రోగికైనా, చూసుకునేవాళ్లకైనా మాట్లాడటానికి మనిషి కావాలనిపిస్తే ప్రభుత్వ టెలీ మానస్ 14416లో తెలుగులో దొరుకుతారు.

అయితే వీటన్నిటికీ ముందు ఒక గోడ అడ్డుంది. ఆ పెద్దాయనకు తన జబ్బేమిటో చాలాసార్లు తెలియదు. ‘నాన్నగారికి చెప్పకండి డాక్టర్ గారూ, తట్టుకోలేరు’ అని గది బయటే కొడుకు మాట తీసుకుంటాడు. అల్సర్ అనో, గడ్డ అనో చెబుతారు. ప్రేమతోనే చేస్తారు, అందులో అనుమానం లేదు. కానీ చూడండి, ఆయనకు అనుమానం వస్తుంది. అడిగితే అందరూ మాట మారుస్తారు. తన చావు గురించి తన ఇంట్లోనే మాట్లాడే మనిషి ఉండరు. ఆ ఒంటరితనమే కొంతకాలానికి ‘నన్ను నిద్రపుచ్చేయండి’గా బయటికొస్తుంది. అప్పుడు సెడేషన్‌కు అనుమతి ఎవరిని అడగాలి? చావు దగ్గరపడిందని తెలియని మనిషిని ‘మరణం దాకా నిద్రలో ఉంటారా?’ అని అడగలేం. కాబట్టి కొడుకును అడుగుతారు. మనోవేదన ఆయనది, అనుమతి ఇంకొకరిది. శరీర బాధలో, స్పృహ తప్పిన సంధిలో కుటుంబం నిర్ణయించడం అర్థం చేసుకోగలం. మనసు బాధలో, తెలివిలో ఉన్న మనిషిని పక్కనపెట్టి నిర్ణయించడం నాకు ఏ కోణంలోనూ సరైనదిగా కనిపించదు.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ‘చూడలేకపోతున్నాం, ఏదో ఒకటి ఇవ్వండి’ అని ఇంటివాళ్లు అన్నప్పుడు, తట్టుకోలేకపోతున్నది ఎవరో డాక్టర్ ఆగి అడగాలి. నెలల తరబడి నిద్ర లేని కూతురి అలసట నిజమైనదే. దానికి సాయం ఆమెకు చేయాలి.

మెలకువకు మన దగ్గర ఉన్న విలువ కూడా ఈ లెక్కలో ఉంది. ఆఖరి క్షణంలో ‘నారాయణా’ అన్నందుకు అజామిళుడు తరించాడన్న కథ వింటూ పెరిగినవాళ్లం. ముస్లింల ఇళ్లలో చివరి ఊపిరి మీద కలిమా ఉండాలని చూస్తారు. క్రైస్తవుల ఇళ్లలో పాస్టర్ గారో ఫాదర్ గారో వచ్చి ప్రార్థన చేసేదాకా మెలకువగా ఉండాలనుకుంటారు. డల్లాస్ నుంచి కొడుకు విమానం దిగేదాకా మాట ఉంటే చాలనుకునే తల్లులున్నారు. గాఢ నిద్ర ఇవన్నీ తీసుకుంటుంది. కొందరు సంతోషంగా వదులుకుంటారు, కొందరు నొప్పినైనా భరిస్తారు కానీ వదులుకోరు. ఇది అడిగి తెలుసుకోవలసిన విషయం, అదీ తెలివి ఉండగానే.

తాత్కాలిక నిద్ర పద్ధతి మన పరిస్థితికి బాగా సరిపోతుందని నేననుకునేది ఇందుకే. రోజుల తరబడి కునుకు లేక, భయంతో వణికే మనిషికి ఒక రాత్రి గాఢంగా నిద్రపోవడం చిన్న సంగతి కాదు. లేచాక ఆ బాధ కొందరిలో తగ్గుతుంది. అలసట, టెన్షన్ కలిసి దాన్ని కొండంత చేశాయని తెలుస్తుంది. తగ్గకపోతే మాట్లాడి, మళ్లీ ఇవ్వచ్చు. పలుమార్లు ఇలా చేశాక, మరణం నిజంగా రోజుల దూరంలోకి వచ్చాక, మనిషి అదే మాట మీద ఉంటే నిరంతర సెడేషన్ ఇవ్వడం వైద్యమే అవుతుంది.

మన దగ్గర ఉన్నదేమిటి

మన దేశంలో పాలియేటివ్ సెడేషన్‌కు ప్రత్యేక చట్టం లేదు. మందు ఇచ్చి ప్రాణం తీయడం నేరం. 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు, కోలుకోలేని స్థితిలో ప్రాణాధార చికిత్సను వద్దనుకునే హక్కును, అందుకు ముందే రాసిపెట్టుకునే లివింగ్ విల్‌ను గుర్తించింది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులువు చేసి, ఇద్దరు సాక్షులతో నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ముందు రాసుకుంటే చాలంది. అది వెంటిలేటర్ లాంటివి వద్దనడం గురించి. సెడేషన్ గురించి కాదు. సెడేషన్ మంచి వైద్య పద్ధతి కిందికి, రోగి అనుమతి కిందికి వస్తుంది.

ఇంకా బాధ కలిగించేది, మనం రెండో మెట్టు గురించి వాదిస్తుంటే మొదటి మెట్టైన నొప్పి తగ్గించే మందే చాలామందికి అందలేదు. చట్టబద్ధంగా గసగసాల పంట పండించే ఈ దేశంలో, 1985 మాదకద్రవ్యాల చట్టం భయంతో చాలా ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచడమే మానేశాయి. ఆ నిబంధనలను సడలిస్తూ 2014లో సవరణ వచ్చింది. అయినా 2017 నాటి లాన్సెట్ కమిషన్ లెక్కలో, మన దేశంలో అవసరమైన మార్ఫిన్ తరహా మందులో 4 శాతమే అందుతోంది. నొప్పి తగ్గని మనిషి ‘చచ్చిపోతాను’ అంటే అది అస్తిత్వ వేదన కాదు, నొప్పే. ఆ తేడా తేల్చగలిగే బృందం కావాలి. కేరళలో ఇంటింటికీ వెళ్లే వలంటీర్లు, పాలియం ఇండియా స్థాపించిన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ లాంటివాళ్లు దారి చూపించారు. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం ఏళ్లుగా పనిచేస్తోంది, స్పర్శ్ హాస్పిస్ ఉచితంగా చూస్తోంది, తెలంగాణ జిల్లాల్లో కూడా ప్రభుత్వ కేంద్రాలున్నాయి. ‘ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి’ అని ఎవరైనా అంటే, ‘పాలియేటివ్ కేర్‌కు ఎక్కడికి పంపుతారు?’ అని అడగండి.

చివరికి మత్తు ఇవ్వాలని నిర్ణయించినా ఇంటివాళ్లకు చేయాల్సిన పని ఉంటుంది. రెండేసి గంటలకు ఒత్తిగిలి పడుకోబెట్టాలి. నోరు, పెదవులు ఆరిపోకుండా చూడాలి. పక్కన మామూలుగానే మాట్లాడుతూ ఉండవచ్చు. కెనడాలో 2020లో ప్రచురించిన అధ్యయనంలో, స్పందన పోయిన కొందరు హాస్పిస్ రోగుల మెదళ్లు శబ్దాలకు ఇంకా స్పందిస్తున్నట్టు కనిపించింది. తులసి తీర్థం పోయాలనుకుంటే చెంచాతో నోట్లో పోయకండి. గాఢ నిద్రలో మింగడం ఉండదు, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. దూదిని తీర్థంలో తడిపి, పిండి, పెదవుల మీద అద్దండి.